ప్రభువా, మా కోడలు వింటోందా

టైలరమ్మ ఎవరినీ ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట అని ఎరగదు. ఈ సంగతి ఆమే చెప్పుకునేది, వీధి కూడా ఒప్పుకునేది. పక్కింటి చెత్త తన గుమ్మంలోకి కొట్టుకొచ్చినా, కుట్టించుకున్నవాళ్ళు గౌను తొడిగి చూసుకుని మూతి ముడిచినా నవ్వి ఊరుకునేది. అనవలసిందంతా సాయంత్రం దేవుడితో అనేది. కాకపోతే పైకి అనేది, కాస్త గట్టిగా, ఎవరికి వినపడాలో వాళ్ళు కూచున్న వైపు మొహం తిప్పి.

కూతురికి చెప్పి కోడలికి వినిపించడం పెద్దల నాటి విద్య. టైలరమ్మకు కూతుళ్ళు లేరు. అందుకని ఆ పని దేవుడికి అప్పజెప్పింది.

ఇంట్లో ముగ్గురే మనుషులు. ముందు గదిలో టైలరమ్మ, ఆమె కుట్టుమిషను, గోడకు వేలాడే సగం కుట్టిన బట్టలు. వెనక గదిలో కొడుకు, కోడలు. కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎవరు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నా పరిగెత్తుకెళ్ళి బయటికి తీస్తాడు, తను మాత్రం ఇంట్లో ఇరుక్కుని ఉంటాడు. కోడలు ఎక్స్‌రే సెంటర్లో పని చేస్తుంది. ఊపిరి బిగపట్టండి, కదలొద్దు అని రోజంతా జనానికి చెప్పి చెప్పి ఇంటికొచ్చి, తనే ఊపిరి బిగపట్టుకుని కూచునేది. ఎందుకంటే ఆమె వచ్చేసరికి కుటుంబ ప్రార్థనకు వేళయ్యేది.

ప్రార్థనలో ఒక సౌకర్యం ఉంది. కళ్ళు మూసుకున్న మనిషికి ఎవరూ అడ్డం రాకూడదు. ఆమేన్ అనేదాకా ఆ మాట రాజుగారి మాట.

"ప్రభువా, పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూసుకునే కళ్ళకు మెలకువ దయచెయ్యి తండ్రీ" అనేది టైలరమ్మ.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలు ఇవన్నీ వింటూ తలొంచుకుని ఊరుకుంది. పాపం, పిల్ల నెమ్మదస్తురాలు అనుకుంది టైలరమ్మ. నెమ్మదా పాడా, పిల్ల విద్య నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం తన వంతు రాగానే కోడలు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, తేనెలో ముంచిన గొంతుతో, "ప్రభువా, తలుపు కొట్టకుండా గదిలోకొచ్చే పాదాలకు నిదానం నేర్పు తండ్రీ" అంది.

లిఫ్టు మెకానిక్కు ఒక కన్ను తెరిచి తల్లిని చూశాడు. తల్లి రెండు కళ్ళూ తెరిచే ఉంది.

మర్నాడు టైలరమ్మ జవాబు సిద్ధం చేసుకుని కూచుంది. "సొంత కొడుకు గదికి తలుపు కొట్టి వెళ్ళే రోజులు చూపించావు ప్రభువా, దానికీ నీకు స్తోత్రం."

అప్పటినుంచి ఆ ఇంట్లో సాయంత్రాలు దేవుడికి చేతినిండా పని. మిగతా వేళల్లో అత్తాకోడళ్ళ మర్యాదకు అంతు లేదు. టీ తాగుతావా అమ్మాయ్ అంటే తాగుతాను అత్తయ్యా, మీరు కూచోండి నేను పెడతాను అనేది కోడలు. పల్లెత్తు మాట లేదు. వీధిలో వాళ్ళు ఆ ఇంటి ప్రార్థనల పొడవు చూసి, ఇల్లంటే అదీ అని తమ పిల్లలకు చూపించేవాళ్ళు. లిఫ్టు మెకానిక్కు మాత్రం అడకత్తెరలో పోకచెక్క. తల్లి ప్రార్థనకు ఎంత గొంతుతో ఆమేన్ అన్నాడో భార్య ప్రార్థనకూ సరిగ్గా అంతే గొంతుతో అనాలి. ఏ అంతస్తులో ఆగినా గడపకు సమంగా ఆగాలన్నది అతని వృత్తిధర్మం కూడాను.

ఇదంతా ఒక్క ఇంటి విద్య అనుకుంటే పొరపాటు. చర్చిలో స్త్రీల సమాజం కూడికలో టైలరమ్మకు సాటి వచ్చేవాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు. వాళ్ళలో మేటి ఆమేనక్క. ఎవరి ప్రార్థనకైనా అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా ఆమేన్ అంటుందని ఆ పేరు పడింది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. అయినా ఎవరి పేరూ చెప్పేది కాదు, అది పాపమని ఆవిడకు తెలుసు. "పేరెందుకులే గాని, మన వీధి చివర పచ్చగేటు ఇంట్లో పెద్దబ్బాయి కోసం భారంగా ప్రార్థించండమ్మా" అనేది. పచ్చగేటు వీధి మొత్తానికి ఒకటే ఉంది.

ఇలా నడుస్తూ ఉండగా చర్చికి కొత్తగా కుర్ర పాస్టరుగారు వచ్చాడు. పెద్ద పాస్టరుగారు ప్రసంగం చేసి, దీవెన ఇచ్చి, గొడుగు తీసుకుని ఇంటికెళ్ళిపోయేవారు. ఈయన అలా కాదు. ఆరాధన అయ్యాక కుర్చీలు గుండ్రంగా వేయించి, కాఫీ ఇప్పించి, మాట్లాడుకుందాం రండి అనేవాడు. ప్రసంగంలో నేనొక్కణ్ణే మాట్లాడతాను, ఇక్కడ మీరు మాట్లాడండి అనేవాడు. విశ్వాసమూ బయటి లోకమూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ తగాదా పడుతున్నాయి అన్నది ఆయన పెట్టే సంగతి. పాటల పుస్తకం మంచిదా, గోడ మీద తెర మంచిదా అని ఒక వారం గడిచింది. గిటారు తీగెలో భక్తి ఉందా లేదా అని ఇంకో వారం. వాక్యం ఫోనులో చదివితే పుణ్యం తగ్గుతుందా అని ఒక తాతగారు అడిగితే, తగ్గదు గాని మధ్యలో మేనల్లుడు ఫోన్ చేస్తాడు అని ఇంకో తాతగారు చెప్పారు. టైలరమ్మకు ఆ కబుర్లు బాగానే ఉండేవి. కాఫీ ఇంకా బాగుండేది.

ఒక ఆదివారం పాస్టరుగారు, వయసు పిల్లలు చర్చికి ఎందుకు తగ్గిపోతున్నారు అని అడిగాడు. పెద్దవాళ్ళంతా సినిమాలన్నారు, ఫోన్లన్నారు, లోకం చెడిపోయిందన్నారు. పచ్చగేటు ఇంటి పెద్దబ్బాయి తలుపు దగ్గరే నిలబడి కాఫీ తాగి కప్పు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు అవతలి కుర్చీలోంచి ఎక్స్‌రే కోడలు నెమ్మదిగా అంది.

"మా పేర్లు చెప్పకుండా మా సంగతులన్నీ దేవుడికి చెప్పేస్తారు కదండీ, అందుకని."

గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఇదొక చిక్కు. ఎవరి మొహం ఎవరికైనా కనిపిస్తుంది. అందరి చూపూ తిరిగి తిరిగి టైలరమ్మ దగ్గర ఆగింది. టైలరమ్మ తన చేతి మీది దారప్పోగును ఎంతో శ్రద్ధగా తీసుకుంటూ కూచుంది. ఆమేనక్క అలవాటు కొద్దీ ఆమేన్ అనబోయి, సగంలో దగ్గుగా మార్చింది.

పాస్టరుగారు ఆ మాటను వదల్లేదు. పై ఆదివారం ప్రసంగపీఠం మీదినుంచే చెప్పేశాడు. ఇకనుంచి ఇంకొకరి గురించి పైకి ప్రార్థించాలంటే ముందు ఆ మనిషితో ఎదురుగా మాట్లాడి రావాలి. ముందు మనిషితో, తర్వాత దేవుడితో. మాట్లాడే ధైర్యం లేనివాళ్ళు మౌనంగా ప్రార్థించుకోవచ్చు, దేవుడికి చెవుడు లేదు. చర్చిలోనూ ఇదే పద్ధతి, ఇళ్ళల్లోనూ ఇదే.

ఆ వారం స్త్రీల సమాజం కూడిక ఇట్టే అయిపోయింది. ఎవరికీ ఏ విన్నపమూ లేదు.

ఇంట్లో సాయంత్రాలు మరీ అన్యాయం. ముగ్గురూ కళ్ళు మూసుకుని కూచునేవాళ్ళు. ఫ్యాను చప్పుడు, వీధిలో సైకిలు బెల్లు. టైలరమ్మ మనసులో పెద్ద పెద్ద ప్రార్థనలే చేసింది. కాని అవి సూదిలో దారం లేకుండా కుట్టినట్టు ఉండేవి. సూది ఆడుతుంది, గుడ్డ అతుక్కోదు. దేవుడు వింటున్నాడు, సందేహం లేదు. ఆయనకు తెలియనిదేముంది గనక? తెలియాల్సింది పక్కన కూచున్న పిల్లకి.

అలాంటి సమయంలో ఆమేనక్క ఒక పాత గౌను భుజాన వేసుకుని, సైజు చేయించాలన్న వంకతో వచ్చింది. కూచోగానే గొంతు తగ్గించింది. "పాస్టరుగారు ముందు మనిషితో మాట్లాడమన్నారు కదా వదినా, అందుకే నీ దగ్గరికే వచ్చాను. లేకపోతే సుఖంగా ప్రార్థనలోనే చెప్పేసేదాన్ని" అంది. సంగతేమంటే, మోకాలు ఎక్స్‌రేకని ఆమేనక్క సెంటరుకు వెళ్ళింది. అక్కడ కోడలు, మీలోనే ఉంచుకుని ప్రార్థించండి పెద్దమ్మా అంటూ ఒక మాట చెప్పింది. సెంటరు వెనక వీధి మేడలో మూడో అంతస్తున ఇల్లు చూశారట. వేరు వెళ్దామనుకుంటున్నారట.

టైలరమ్మ గౌను ముందుకు లాక్కుని కత్తెర అందుకుంది. అవునా, మంచిదే, పిల్లకు పని దగ్గరవుతుంది అని పైకి అంది. ఆమేనక్క వెళ్ళాక చూసుకుంటే ఆవిడ గౌను చెయ్యి ఒకటి మోచేతి దాకా కత్తిరించి ఉంది.

ఆ రాత్రి ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ పిల్ల పాలు పొంగించే పిల్లే గాని, పొద్దున్నే మిషను పక్కన కళ్ళజోడు తుడిచి పెట్టేది ఆ పిల్లే. దారం రంగు కుదరడం లేదంటే సెంటరు నుంచి వస్తూ నాలుగు కొట్లు తిరిగేది. సాయంత్రం తన మీద ప్రార్థన విసరడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండేది. మూడో అంతస్తుకు వెళ్ళిపోతే ఇక ఈ గదిలో మిగిలేది ఫ్యాను చప్పుడు. వెళ్ళొద్దు అని చెప్పాలి. చిన్న మాట. ఆ చిన్న మాట ఎదురుగా ఎలా చెప్తారో ఆమెకు తెలియదు. పెళ్ళయిన నాటినుంచీ, మొగుడు బతికున్న రోజుల్లో కూడా, ఆమెకు కావాల్సిన ప్రతిదీ దేవుడి ద్వారానే అడిగింది.

పాస్టరుగారి నియమం ప్రార్థనకే గాని చదువుకు కాదని ఆమెకు మర్నాడు తట్టింది. సాయంత్రం వాక్యం చదివే వంతు తీసుకుని, ఊరు వదిలి పోతున్న అత్తను వదలకుండా వెంట వెళ్ళిన కోడలి కథ చదివింది. మర్నాడూ అదే చదివింది. ఆ మర్నాడు అదే, ఇంకాస్త ఆపి ఆపి. అమ్మా, ఈ భాగం అయిపోయింది కదా అని కొడుకు అనబోతే, మంచి వాక్యం ఎన్నిసార్లు విన్నా మంచిదే అంది.

నాలుగో సాయంత్రం కోడలు పుస్తకం తన ఒళ్ళోకి తీసుకుంది. ఎంతో భక్తిగా పేజీలు తిప్పి, మగవాడు తల్లినీ తండ్రినీ విడిచి భార్యను హత్తుకునే భాగం చదివింది. ఒక్కసారే చదివింది. ఒకటి చాలింది.

లిఫ్టు మెకానిక్కు దేనికి ఆమేన్ అనాలో తెలియక, ఏదో బిల్డింగులో లిఫ్టు ఆగిందని చెప్పి లేచిపోయాడు. ఫోను మోగనే లేదు.

ఇక పాస్టరుగారే దిక్కనుకుంది టైలరమ్మ. ఆయన కొత్త తెల్లంగీకి కొలతలివ్వడానికి వచ్చిన రోజున, టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పి మెల్లగా మాట ఎత్తింది. ఉమ్మడి కుటుంబాల మీద ఒక మంచి ప్రసంగం చేస్తే సంఘానికి ఎంతో మేలు బాబూ అంది. పాస్టరుగారు కుర్రాడే గాని అమాయకుడు కాదు.

"మీ కోడలితో మాట్లాడారా?"

"మాట్లాడకేం బాబూ. మొన్నటిదాకా రోజూ ప్రార్థనలో..."

అని ఆగిపోయింది. పాస్టరుగారు నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు అంత కోపం వచ్చేది కాదు. "ఆ ప్రసంగం మీరే చెయ్యాలమ్మా. ఒక్కరికే చెయ్యాలి. నేను చేస్తే మీ కోడలు కాక మిగతావాళ్ళంతా వింటారు" అన్నాడు.

ఊపిరి వదలండి పాస్టరుగారూ అంది టైలరమ్మ, ఆయన మెడకు టేపు చుట్టి. జనం కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. వదిలితేనే అసలు కొలత తేలుతుంది. అసలు కొలత తేలింది. అయినా కాలరు వేలెడు బిగుతుగా కుట్టింది. ఆ ఆదివారం ప్రసంగం సగంలోనే ముగిసింది. సంఘం పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కుట్టు బాగుందమ్మా, వదులు చెయ్యకు అని టైలరమ్మకు చెప్పి వెళ్ళారు.

కోపం ఆ కాలరుతో తీరింది. భయం తీరలేదు. ఇంట్లో చెబుదామని మూడుసార్లు వెనక గది గుమ్మందాకా వెళ్ళింది. ఆ గుమ్మంలో నిలబడితే ఆమె అత్తే. నోరు తెరిస్తే అత్త మాటలే వస్తాయి, అలమారా తలుపు వేశావా, నీళ్ళు పట్టావా అని. ఇంకెక్కడైనా, తను అత్త కాని చోట, ఆ పిల్ల కోడలు కాని చోట అయితే బాగుండును అనుకుంది. అలా అనుకోగానే దగ్గు వచ్చింది.

దగ్గు నిజంగానే వచ్చిందని మొదట తనే నమ్మింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి అది ఇంకాస్త ముదిరింది. ఆయన గొట్టం పెట్టి విని, ఏమీ వినపడటం లేదు గాని ఎందుకైనా మంచిది, ఒక ఎక్స్‌రే తీయించండి అన్నాడు. ఆ మాట ఎక్కడ అనడో అని ఆవిడ అప్పటికే మరో రెండు దగ్గులు సిద్ధంగా పెట్టుకుంది.

సెంటర్లో బల్ల మీద జనం వరసగా కూచున్నారు. టైలరమ్మ కూడా వరసలోనే కూచుంది. లోపలినుంచి కోడలు వచ్చి పిలిచేసరికి లేచింది. ఆ పిల్ల తెల్లకోటులో పొడుగ్గా కనిపించింది. కోటు భుజం దగ్గర కుట్టు వంకర అని ఒక కన్ను చూసింది, ఇప్పుడు కాదని ఇంకో కన్ను కసిరింది.

"మీరేంటి అత్తయ్యా? ఏమైంది?"

"దగ్గమ్మా."

కోడలు చీటీ చూసింది, అత్త మొహం చూసింది. చల్లటి పలక ముందు నిలబెట్టి, గడ్డం పైకెత్తి, చేతులు నడుం మీద పెట్టి, భుజాలు ముందుకు తోసింది. ఎంత మెత్తగా తోసిందంటే, తను గిరాకీవాళ్ళను కొలతకు నిలబెట్టేటప్పుడు అంత మెత్తగా ఎన్నడూ తోయలేదని టైలరమ్మకు అనిపించింది. బరువైన తలుపు వేసుకుపోయింది. టైలరమ్మ మొహం గోడకేసి ఉంది. వెనక అద్దంలోంచి చూస్తున్న పిల్ల కనిపించదు. పైన ఎక్కడో ఉన్న స్పీకరులోంచి గొంతు వచ్చింది.

"గట్టిగా గాలి పీల్చండి. బిగపట్టండి. కదలొద్దు."

టైలరమ్మ బిగపట్టింది. పైనుంచి వచ్చే గొంతు, ఎదురు చెప్పడానికి వీల్లేని మనిషి. ఇన్నేళ్ళూ ఆ పిల్ల ఇలాగే కూచుందన్నమాట, అనుకుంది. మిషను టిక్కుమంది.

"వదలండి. అయిపోయింది."

అయిపోయిందంటే వెళ్ళిపోవాలి. టైలరమ్మ గోడకేసే నిలబడి ఉంది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, కళ్ళు మూసుకున్నాయి. "ప్రభువా" అని మొదలు పెట్టింది. ఎలా మొదలైందో ఆమెకే తెలియదు.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఈసారి గొంతు స్పీకరులోంచి కాదు, పక్కనుంచే వచ్చింది.

"ప్రభువు అంతటా ఉంటాడు అత్తయ్యా. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. కళ్ళు తెరవండి."

తెరిచింది. ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు, మొహంలో తొందర లేదు.

"మీ ఊపిరితిత్తులు చక్కగా ఉన్నాయి. ఎముకలు నాకన్నా గట్టివి. ఎందుకొచ్చారు?"

"వెళ్ళొద్దమ్మా" అంది టైలరమ్మ.

అంతే మాట. అంత చిన్న మాటకు ఇంత ఊపిరి కావాలా అనుకుంది. ఒకసారి తెరుచుకున్నాక మిగతావి వెనకే తోసుకొచ్చాయి. మిషను చప్పుడుకు నీకు నిద్ర పట్టదని తెలుసు అంది. గోడ పల్చనిదని, మీ మాటలు వినపడతాయని, విని మర్నాడు దేవుడి ముందు పెట్టడం తప్పని తెలుసు అంది. తలుపు కొడతాను అంది. పాలు మాత్రం నువ్వు చూసుకోవాలి, అందులో నాదేం తప్పు లేదు అని కూడా అంది.

కోడలు నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

"ఇల్లు చూసిన మాట నిజమే అత్తయ్యా. మీ అబ్బాయి లిఫ్టు బాగు చేస్తుంటే నేను పైకెళ్ళి ఒకసారి చూశాను. ఆయనకు ఇంకా చెప్పనే లేదు."

"మరి ఆమేనక్కతో..."

"పెద్దమ్మకు చెబితే సాయంత్రానికల్లా మీకు చేరుతుంది కదా. చేరాక మీరు వచ్చి నన్ను ఎదురుగా అడుగుతారేమో చూద్దామనుకున్నాను. అడిగితే ఉందాం, అడక్కపోతే వెళ్దాం అనుకున్నాను." "ఇంత ఆలస్యం చేస్తారనుకోలేదు. వాళ్ళు ఆ ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని భయం కూడా వేసింది" అంది.

టైలరమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా, సగం దారి. కాని అంతలో ఆ పిల్ల పన్నాగం ఎంత సన్నటి కుట్టో, ముడి ఎక్కడుందో పైకి కనపడకుండా ఎలా వేసిందో చూసి, పనివాడు పనివాణ్ణి మెచ్చుకున్నట్టు లోలోపల మెచ్చుకుంది. ఇది నా కోడలే అనుకుంది.

బయట జనం ఎదురుచూస్తున్నారని ఎవరో తలుపు కొట్టారు. వెళ్తూ వెళ్తూ టైలరమ్మ ఆగి, ఆ కోటు ఇంటికి పట్టుకురా, భుజం కుట్టు వంకరగా ఉంది అంది. ఎదురుగానే అంది.

ఆ సాయంత్రం మిషను వెనక గది గోడనుంచి వీధి గోడకు మారింది. లిఫ్టు మెకానిక్కు దాన్ని మోస్తూ, ఎందుకమ్మా అని ఒకసారి, ఎందుకే అని ఒకసారి అడిగాడు. వెలుతురు కోసం అని ఇద్దరూ ఒకే మాట చెప్పేసరికి అతనికి అనుమానం మొదలైంది. ప్రార్థనకు కూచున్నాక అది భయంగా మారింది. నియమం ప్రకారం తల్లి మౌనంగా ఉండాలి. తల్లి గొంతు సవరించుకుంది.

"ప్రభువా, మేమిద్దరం మాట్లాడుకున్నాం. నీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఆమేన్."

ఆ ఇంట్లో అంత చిన్న ప్రార్థన ఎన్నడూ జరగలేదు. లిఫ్టు మెకానిక్కు కళ్ళు మూసుకునే ఉన్నాడు, అసలు సంగతి ఇంకా వస్తుందని. రాలేదు. ఇక భార్య వంతు.

"అత్తయ్య చెప్పిందే ప్రభువా. ఆమేన్."

ఫ్యాను తిరుగుతోంది. లిఫ్టు మెకానిక్కు నెమ్మదిగా ఒక కన్ను తెరిచి చూశాడు. అతని ముందు తల్లీ భార్యా కళ్ళు తెరుచుకుని, అతని వైపే చూస్తూ కూచున్నారు.

"నీదే ఆలస్యంరా" అంది తల్లి. "పాలు పొయ్యి మీదున్నాయి."

ఎప్పటి గొంతుతోనే, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా ఆమేన్ అన్నాడు. రెండింటికీ కలిపి ఒక్కటే అన్నాడు. అప్పటికి పాలు పొంగనే పొంగాయి.